పద్నాలుగేండ్ల సంది యాక్సిడెంట్ కేసులే చూస్తున్న, ఇప్పుడు వేరేది నేర్సుకోవాల్నా?

ఈ సారి ఉత్తరం నల్గొండకెళ్లి వచ్చింది. పేరు, ఊరు ఏం వద్దన్నడు. ఆరు పేజీలు రాసిండు, అంత వేయలేను గనక నా మాటల్ల చెప్తున్న.

ఆయనకు 41 ఏండ్లు. దేవరకొండ దిక్కు పల్లె, వ్యవసాయం ఇల్లు, ఇంట్ల మొదటి వకీలు ఈయనే. 2011ల ఎన్‌రోల్ అయ్యి నల్గొండల ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గ చేరిండు. ఆ సీనియర్ చూసేది మొత్తం మోటారు యాక్సిడెంట్ కేసులే, విజయవాడ హైవే ఒక దిక్కు అద్దంకి రోడ్డు ఒక దిక్కు ఉండంగ కేసులకు ఏం కరువు. సీనియర్‌కు వయసు మీదవడ్డంక ఆ ఫైళ్లన్నీ ఈయనకే వచ్చినయి. ఇల్లు కట్టుకున్నడు, పిల్లలను మంచి బడికి పంపిస్తున్నడు. గానీ రెండేండ్ల సంది మనసు మనసుల లేదట, కారణాలు మూడు రాసిండు.

మొదటిది. లారీ గుద్ది భర్త పోయిన ఒక ఆమెకు ఈయన 21 లక్షల అవార్డు, అంటే పరిహారం తీర్పు, తెచ్చిండు. ఆమె వాటాకు వచ్చిన పైసలతోని ఎకరన్నర భూమి కొనుక్కున్నది. కొన్నంక తెలిసింది ఆ సర్వే నంబర్ల లొల్లి ఉన్నదని, అమ్మినాయన అన్నదమ్ములు వచ్చి ఇది మా వాటా అన్నరు. ఆమె కాయితాలు చేతుల పట్టుకుని ఈయన దగ్గరికే ఉరికొచ్చింది, ఈయన "అమ్మా, నేను భూమి కేసులు చూడ" అని ఇంకో వకీలు దగ్గరికి పంపిండు. ఆమె మళ్ల రాలే. వాళ్ల చుట్టాలది ఒక యాక్సిడెంట్ కేసు అయితే గది గూడ ఆ రెండో వకీలు దగ్గరికే పోయింది.

రెండోది. ఒక కేసుల పెట్రోల్ బంకు సీసీటీవీ వీడియో ఉన్నది, మోటర్‌సైకిల్ మనిషిది తప్పు లేదని సాఫ్‌గ కనిపిస్తది. ఈయన పెన్‌డ్రైవ్ తీసుకపోయి దాఖలు చేసిండు గానీ దానితోని పెట్టాల్సిన సర్టిఫికెట్ పెట్టలే. అవతల ఇన్సూరెన్స్ వకీలు అబ్జెక్షన్ చెప్పిండు, వీడియో పక్కకు పోయింది, తప్పుల సగం మోటర్‌సైకిల్ మనిషి మీద పడ్డది, పైసలు సగం కోత.

మూడోది జూనియర్. 26 ఏండ్ల పిల్ల, ఈయన గంట సేపు వెతికే తీర్పును పది నిమిషాలల్ల తీసి పెడ్తదట. "ఆ పిల్ల నన్ను సారు అంటుంటే సిగ్గయితుంది" అని రాసిండు.

దీనికి తోడు 45 వేలు పెట్టి కాంట్రాక్ట్ డ్రాఫ్టింగ్ ఆన్‌లైన్ కోర్సు కొన్నడు, నలభై వీడియోలల్ల ఆరు చూసిండు. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ చేసే తమ్ముడు ఈడికి వచ్చెయ్, కంపెనీ పని చెయ్ అంటుండు. భార్య గవర్నమెంట్ టీచర్, ఆమె ఉన్నది చెడగొట్టుకోకు అంటుంది. పాత సీనియర్‌ను అడిగితే రెండు పడవల మీద కాళ్లు పెట్టకు అన్నడు. చివరికి ఆయన అడిగింది ఇది: "నాకు యాక్సిడెంట్ తప్ప ఏం రాదని అర్థమైంది. ఎల్‌ఎల్‌ఎం చెయ్యాల్నా, క్రిమినల్ మొదలువెట్టాల్నా, హైదరాబాద్ పోవాల్నా, ఈ వయసుల ఇదంతా ఎందుకని ఊకోవాల్నా?"

తమ్మీ, నాకంటే పదిహేనేండ్లు చిన్నోడివి గనక తమ్మీ అంటున్న, ఏమనుకోకు. నేను పాలమూరు కోర్టుల నల్లకోటు వేసుకుని ముప్పై ఏండ్లయితుంది, నీ ఉత్తరం చదువుతుంటే నడుమ నడుమ నా ఉత్తరమే చదువుతున్నట్టనిపించింది.

ముందుగాల ఆ చివరి మాట సంగతి తేల్చుకుందం. యాక్సిడెంట్ తప్ప ఏం రాదు అన్నవు. ఎంవీఓపీ ఫైలుల, అంటే యాక్సిడెంట్ పరిహారం పిటిషన్ ఫైలుల, ఏమేం ఉంటయో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్, పాలసీ కండిషన్లు, డ్రైవర్ లైసెన్స్, జీతం కాయితాలు, డిసేబిలిటీ సర్టిఫికెట్. అంటే పోలీసోళ్ల రాత, డాక్టర్ల రాత, ఇన్సూరెన్సోళ్ల రాత మూడూ చదవనీకి వస్తది నీకు. కాలు పోయిన దర్జీకి ఎంత నష్టం, కాలు పోయిన లారీ డ్రైవర్‌కు ఎంత నష్టం, డాక్టర్ రాసిన శాతం వేరు మనిషి సంపాదన పోయిన శాతం వేరు అని రాజ్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు 2010 ఆఖర్ల చెప్పింది, గది నువ్వు రోజూ వాదిస్తనే ఉన్నవు. కంపెనీ అగ్రిమెంట్లు రాసే వకీలుకు ఒక ఎక్స్‌రే రిపోర్ట్ ఇచ్చి చదవమను చూద్దం. ఏం రాదు అనేది సిగ్గుల అన్న మాట, లెక్క చూసి అన్న మాట కాదు.

అయితే నీ భయం ఉత్తదా అంటే గదీ కాదు. పని తీరు మారుతున్నది నిజమే. 2019 సవరణతోని మోటారు వాహనాల చట్టం మారింది, 2022 ఏప్రిల్ 1 సంది క్లెయిమ్ వేసేటందుకు ఆరు నెలల గడువు వచ్చింది, దాని మీద సుప్రీంకోర్టుల సవాళ్లు గూడ పోయినయి. పోలీసోళ్లు 48 గంటలల్ల మొదటి రిపోర్టు, 90 రోజులల్ల పూర్తి రిపోర్టు యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు పంపాలె, ఇన్సూరెన్స్ కంపెనీ తనంతట తనే ఇంత ఇస్తమని ఆఫర్ పెట్టాలె, ఇట్ల రూల్స్ వచ్చినయి. కింద ఎంత వరకు నడుస్తున్నదో మనకు ఎరుకే, గానీ దారి అటే పోతున్నది. ఈ రూల్స్ నిజంగ నడిచిన రోజు పిటిషన్ వేసే వకీలు కంటే ఆ ఆఫర్ సరైనదా తక్కువదా అని పది నిమిషాలల్ల లెక్కకట్టి చెప్పే వకీలు ఎక్కువ అక్కరకొస్తడు. ఒక్క పనిలనే లోతుకు పోవుడు గూడ మన నల్గొండ బోరు లెక్కనే, ఆ సంగతి నీకు చెప్పాల్నా, లోతుకు పోయినకొద్ది నీళ్లు దొరుకుతయి, వాటెంబడి ఫ్లోరిన్ గూడ వస్తది.

నువ్వు రాసిన మూడు బాధలూ నీకు ఒక్కటే బాధ లెక్క కనిపిస్తున్నయి, అందుకే ఏం చెయ్యాల్నో తెల్వక కోర్సు కొన్నవు. నాకైతే మూడూ వేరేవేరే కనిపిస్తున్నయి. సీసీటీవీది నీ ఇంట్లనే కప్పు కారుతున్న సంగతి. భూమి కాయితాల ఆమెది పక్కింటి సంగతి. ఎల్‌ఎల్‌ఎం, హైదరాబాద్ ఇవి ఊరు మారే సంగతులు. కప్పు కారుతుంటే ఊరు మారుదమా అని అడుగుతున్నవు తమ్మీ.

కప్పు సంగతి ముందు, దీంట్ల ఆప్షన్ ఏం లేదు, చెయ్యాల్సిందే. 2024 జులై 1 సంది ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. వీడియో లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించి చెప్పే పాత 65బీ ఇప్పుడు సెక్షన్ 63. సర్టిఫికెట్ నమూనా చట్టం వెనక షెడ్యూల్‌లనే ఉన్నది, రెండు భాగాలు, ఒకటి ఆ మిషన్ ఎవల చేతుల ఉన్నదో వాళ్లు నింపాలె, రెండోది ఎక్స్‌పర్ట్ నింపాలె, వీడియో ఫైలు హ్యాష్ వాల్యూ గూడ రాయాలె. హ్యాష్ అంటే భయపడకు, ఆ ఫైలుకు వేలిముద్ర అనుకో, వీడియోల ఒక్క చుక్క మారినా నంబరు మారిపోతది. పాత చట్టం ఉన్నప్పుడే 2020ల అర్జున్ పండిట్‌రావ్ కేసుల సుప్రీంకోర్టు సర్టిఫికెట్ తప్పదని చెప్పింది. అసలు కష్టం చట్టంల లేదు, బంకోని దగ్గర ఉన్నది. ఆ డబ్బాల కొద్ది రోజులకే పాత వీడియో చెరిగిపోయి కొత్తది ఎక్కుతది, గందుకే క్లయింట్ మొదటి రోజు రాంగనే కెమెరా ఎక్కడెక్కడ ఉన్నదని అడిగి, బంకోనికి ఒక కాయితం రాసి, వాడు ఇయ్యకపోతే దాన్ని తెప్పియ్యమని కోర్టుల పిటిషన్ వెయ్యాలె. ఇది నేర్సుకోనీకి కోర్సు ఎందుకు, రెండు ఆదివారాలు, మీ కోర్టుల ఈ సర్టిఫికెట్ సరిగ్గ పెట్టిన ఒక ఫైలు కాపీ, ఈ రెండు చాలు. ఆ కేసుల అప్పీలు గడువు ఉన్నదా లేదా గూడ చూడు. అవార్డు మీద హైకోర్టుకు పోనీకి 90 రోజులు, దాటితే ఎందుకు ఆలస్యమైందో చెప్పుకోవాలె. క్లయింట్‌కు జరిగింది జరిగినట్టు చెప్పు, ఇది నా పొరపాటు అని చెప్పుడు కష్టమే, గానీ ఇంకో వకీలు నోట ఆయన విన్న రోజు అంతకంటే కష్టమైతది.

ఇంకోటి లెక్క. నువ్వు ఇంకా క్యాలిక్యులేటర్ మీదనే చేస్తున్నవేమో అని నా అనుమానం, మా తరం అంతే గనక. 34 ఏండ్ల ఆటో డ్రైవర్, నెలకు 15 వేలు, ఇంట్ల ఆధారపడ్డోళ్లు ఐదుగురు అనుకో. ఏడాదికి 1,80,000. ముందుముందు సంపాదన పెరిగేది గనక ప్రణయ్ సేఠీ కేసుల సుప్రీంకోర్టు చెప్పినట్టు 40 శాతం కలిపితే 2,52,000. సొంత ఖర్చుకు నాలుగో వంతు తీస్తే 1,89,000. 31 నుంచి 35 ఏండ్లకు మల్టిప్లయర్, అంటే వయసును బట్టి గుణించే అంకె, 16 గనక 30,24,000, దాని మీద కన్సార్టియం (ఇంటి మనిషి తోడు పోయినందుకు ఇచ్చేది), అంత్యక్రియల ఖర్చు గిట్ల. ఇదంతా ఎక్సెల్‌ల ఒక్కసారి రాసి పెట్టుకుంటే వయసు, జీతం మారిస్తే చాలు, లోక్ అదాలత్‌ల ఇన్సూరెన్స్ ఆఫీసర్ ఎదురుంగ కూసొని 18 లక్షలకు ఒప్పుకోండి అంటుంటే నువ్వు ఫోన్ల చూసి అక్కడికక్కడే జవాబు చెప్తవు.

ఎక్సెల్ ఎవలు నేర్పాలె అంటే, ఉన్నది గద నీ జూనియర్. సిగ్గయితుంది అన్నవు. ఎందుకు తమ్మీ? ఆ పిల్లకు తీర్పు దొరుకుతది, ఆ తీర్పును ఏ సాక్షి దగ్గర ఏ ప్రశ్నల పెట్టాల్నో దొరకదు, గది నీ దగ్గర ఉన్నది. శనివారం సాయంత్రం గంట నువ్వు సాక్షిని క్రాస్ ఎట్ల చెయ్యాల్నో చెప్పు, గంట ఆ పిల్లతోని ఈ-ఫైలింగ్, ఈ-ఎస్‌సీఆర్ నేర్సుకో, సుప్రీంకోర్టు తీర్పులు అండ్ల పైసా లేకుండ దొరుకుతయి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలె. ఇప్పుడు పిల్లలు ఏఐని అడుగుతున్నరు, గది లేని తీర్పును ఉన్నట్టు పేరు, నంబరు, సంవత్సరంతోని సహా చెప్తది. 2023ల న్యూయార్క్‌ల ఇద్దరు వకీళ్లు అట్లనే లేని తీర్పులు కోర్టుల పెట్టి 5,000 డాలర్లు జుర్మానా కట్టిన్రు. అసలు తీర్పు తెరిచి ఆ పేరా కండ్లతోని చూడనిదే సంతకం పెట్టకు. ఈ అనుమానం నీ వయసోనికి ఉంటది, ఆ పిల్లకు ఇంకా రాలే, గది గూడ నువ్వు నేర్పాల్సిందే.

ఇగ పక్కింటి సంగతి, నాకు ఎక్కువ చెప్పబుద్ధయ్యేది ఇదే.

మనం ఏదన్న కొత్తది నేర్సుకోవాలనుకున్నప్పుడు సిలబస్ దిక్కు చూస్తం, సైబర్ లా అంట, జీఎస్‌టీ అంట, కాంట్రాక్టులంట. నువ్వు జర క్లయింట్ దిక్కు చూడు. పోయిన ఐదేండ్లల్ల అవార్డు వచ్చిన నీ క్లయింట్లు అవార్డు తర్వాత ఎక్కడికి పోయిన్రు? నాకు తెల్వదు గానీ మా దిక్కు సంగతి చెప్త. భర్త పోయిన ఆడామెకు పైసలొస్తయి. పిల్లల పేరు మీద బ్యాంకుల ఎఫ్‌డీ పడ్తది, పిల్ల పెండ్లికో బిడ్డ ఫీజుకో అది మధ్యల తీయాలంటే మళ్ల కోర్టు. అత్తమామలు మా వాటా ఎంత అంటరు. తోడికోడలు మాట్లాడదు. మిగిలిన పైసలతోని ఆమె భూమి కొంటది, లేకపోతే ప్లాటు. భూమి కొన్న రోజు ఆమెకు వకీలు కావాలె, ఆ రోజు ఆమెకు తెలిసిన వకీలు భూమండలం మీద ఒక్కడే, నువ్వు. కొన్నంక గాదు, కొనకముందే నువ్వు కాయితాలు చూసుంటే ఆ అన్నదమ్ముల లొల్లి ఆమెకు వచ్చేదా చెప్పు?

గందుకే భూమి మొదటి ఆప్షన్‌గ పెడ్తున్న. మంచి టైం గూడ. 2020 అక్టోబర్‌ల ధరణి వచ్చింది, దాన్ని తెచ్చిన భూమి రికార్డుల చట్టం పోయి 2025 ఏప్రిల్ 14 సంది భూభారతి చట్టం వచ్చింది. పాత చట్టంల కింది ఆఫీసుల అప్పీలుకు దారి లేకుండె, చిన్న తప్పుకు గూడ రైతు సివిల్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చె, ఇప్పుడు అప్పీలు దారి మళ్ల తెరిచిన్రు. అంటే పాత భూమి వకీళ్లు గూడ కొత్త రూల్స్ ఇప్పుడే చదువుతున్నరు, నువ్వు వాళ్లకంటే ముప్పై ఏండ్లు వెనక లేవు, రెండేండ్లు కూడ వెనక లేవు. చట్టం వరకే ఈ మాట. పహాణీ చదువుడు, 1954-55 ఖాస్రా పహాణీల ఎవల పేరున్నదో చూసుడు, సేత్వార్, టిప్పన్ అనే పాత సర్వే కాయితాలు, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఈసీ, ఇండ్ల మాత్రం వాళ్లు ముప్పై ఏండ్లు ముందే ఉన్నరు.

నా సంగతి చెప్తా. నేను మొదట బ్యాంకు రికవరీ కేసులు చూసేటోణ్ణి. ఒక భూమి దావా ఒప్పుకున్న, వాదన మంచిగనే చేసిన అనుకున్న, జడ్జిగారు నక్షా నా ముందట పెట్టి హద్దు ఎక్కడున్నదో చూపియ్యండి అన్నరు, నేను నక్షాను తలకిందులు పట్టుకున్న. కోర్టు హాలంత నవ్వింది. ఆ ఆదివారమే రిటైరైన ఒక సర్వేయర్ ఇంటికి పోయిన, ఎనిమిది ఆదివారాలు పోయిన. ఆయన టేబుల్ మీద కంటే పొలంలనే ఎక్కువ నేర్పిండు, గొలుసు గుంజుడు, హద్దురాయి గుర్తువట్టుడు, టిప్పన్‌ల గీతకు నేల మీద గట్టుకు తేడా ఎందుకొస్తదో చెప్పుడు. ఫీజు అడిగితే తీసుకోలే, రోజు చాయ్, ఆయన మనవనికి కాలేజీ సీటు అఫిడవిట్ ఒకటి, గంతే. నేను పైసలు పెట్టి చేసిన ఏ కోర్సు గూడ దానికి సరిరాలే.

నష్టం గూడ చెప్పాలె. భూమి దావాలు ఏండ్లకేండ్లు నడుస్తయి, నీ అలవాటు ట్రిబ్యునల్ వేగం. అవతలోళ్లు నీ ఊరోళ్లే ఉంటరు, చుట్టాలే ఉంటరు, పెండ్లిల ఎదురైతరు. లీడర్ల ఫోన్లు వస్తయి. యాక్సిడెంట్ కేసుల ఎదురుపార్టీ ఒక కంపెనీ, దానికి నీ మీద కోపం ఉండదు, భూమి కేసుల ఎదురుపార్టీకి మస్తు కోపం ఉంటది. నీ మనసు దానికి తట్టుకుంటదో లేదో చూసుకో. తట్టుకోదు అనుకుంటే కోర్టు కేసుల జోలికి పోకు, కొనకముందు కాయితాలు చూసి రాతపూర్వకంగ అభిప్రాయం ఇచ్చుడు వరకే నేర్సుకో, గదొక్కటే సగం ప్రాక్టీస్. పోదామనుకుంటే మొదటి మూడు నాలుగు ఫైళ్లు ఒక్కనివే పట్టకు, భూమి కేసులల్ల చెయ్యి తిరిగిన వకీలుతోని కలిసి వకాలత్ వెయ్. ఫీజు సగం పోతది, నీ క్లయింట్ మాత్రం నీ దగ్గరనే ఉంటది.

క్రిమినల్ అడిగినవు. పైకి దగ్గరగనే కనిపిస్తది, ఎందుకంటే నీ ప్రతి ఫైలు వెనక ఒక క్రిమినల్ కేసు ఉన్నది. నిర్లక్ష్యంతోని పానం తీసిన కేసుకు పాత ఐపీసీల ఉన్న 304ఏ ఇప్పుడు కొత్త శిక్షా చట్టం బీఎన్ఎస్‌ల 106, శిక్ష రెండేండ్లకెళ్లి ఐదేండ్ల దాంక పెరిగింది. గుద్ది చెప్పకుండ ఉరికినోనికి పదేండ్లు అనే ముక్క మీద 2024 జనవరిల లారీ డ్రైవర్లు సమ్మె చేస్తే దాన్ని అమలు చెయ్యకుండ ఆపిన్రు. డ్రైవర్లకు ఇప్పుడు వకీలు అక్కర ఎక్కువైంది. గానీ నువ్వు ఇన్నేండ్లు గుద్దించుకున్నోళ్ల దిక్కు నిలవడ్డవు, ఒకే యాక్సిడెంట్ల రెండు దిక్కులా నిలవడలేవు, వేరే యాక్సిడెంట్ల అయినా ఊర్ల చూసేటోళ్లు ఏమనుకుంటరో నీకు ఎరుకే. అంటే ఇది ఉన్న ప్రాక్టీస్‌ను పెంచదు, దాన్ని రెండుగ చీలుస్తది. లీగల్ ఎయిడ్‌ల డిఫెన్స్ కౌన్సెల్ పోస్టులు, అంటే వకీలును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే పోస్టులు, ఉన్నయి, క్రిమినల్ మంచిగ నేర్సుకోవచ్చు, అయితే గది ఫుల్‌టైం పని, బయటి ప్రాక్టీస్ బంద్. నువ్వు బాధితుని దిక్కే ఉండి, ఛార్జ్‌షీట్ సరిగ్గ వేయించుడు, క్రిమినల్ కోర్టుల నీ సాక్షి ఏం చెప్తుండో చూసుకునుడు, ఇంత వరకు నేర్సుకుంటే చాలు అనిపిస్తది నాకు. ఈ కోర్టుల సాక్షి ఒకటి చెప్పి ట్రిబ్యునల్‌ల ఇంకోటి చెప్పి కేసు నాశనమైనవి నువ్వు చూసే ఉంటవు.

నువ్వు అడగంది ఒకటి ఉన్నది, అన్నింట్లకెళ్లి అల్కగ అందేది. పనిల చనిపోయిన డ్రైవర్, క్లీనర్, బిల్డింగ్ మీదికెళ్లి పడ్డ కూలి, వీళ్ల నష్టపరిహారం. డ్రైవర్ కుటుంబం మోటారు చట్టం కింద పోవాల్నా, కార్మికుల చట్టం కింద పోవాల్నా, రెండింట్ల ఒక్కటే ఎంచుకోవాలె అని మోటారు చట్టం 167ల ఉన్నది. ఇన్నేండ్లు నువ్వు ఎంచి ఉండవు, తెలిసిన దారినే పోయుంటవు. 1923 నాటి ఆ చట్టం సంగతులు ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ కోడ్‌ల చేరినయి, 2025 నవంబర్ 21 సంది లేబర్ కోడ్‌లు అమలుల ఉన్నయి. మా పాలమూరు లేబర్ బయటి రాష్ట్రాలల్ల పనికి పోయి పానం మీదికి తెచ్చుకుంటరు, వాళ్ల ఇంటోళ్లు ఏ ఆఫీసుకు పోవాల్నో తెల్వక తిరుగుతుంటరు. డాక్టర్ సర్టిఫికెట్, జీతం, వయసు లెక్క, అన్నీ నీకు వచ్చినవే. దీనికి నెల రోజుల చదువు చాలు.

నీ ఉత్తరం మూడో పేజీల ఒక మాట ఉన్నది, నువ్వు దాటేసి పోయినవు గానీ నేను ఆగిన. "లోక్ అదాలత్ రోజు మాత్రం ఇంటికి సంతోషంగ పోత" అని రాసినవు. గట్లాంటోడు మీడియేషన్ దిక్కు, అంటే రెండు పార్టీలను కూసోవెట్టి రాజీ కుదిర్చే పని దిక్కు, ఎందుకు చూడడు? 2023ల మీడియేషన్ చట్టం వచ్చింది, కోర్టు మీడియేషన్ ట్రైనింగ్ 40 గంటలు ఉంటది, మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థల అడిగితే మళ్ల బ్యాచ్ ఎప్పుడో చెప్తరు. పైసలు మొదట్ల ఏం ఉండయి, మీడియేటర్‌గ కూసున్న కేసుల నువ్వు వకీలుగ నిలవడలేవు, ఇవి రెండు నష్టాలు. అయితే అక్కడ నేర్సుకునేది, నోరు మూసుకుని ఎదుటోడు అసలు ఏం కావాలంటుండో వినుడు, తిరిగి నీ చాంబర్‌లకే వస్తది. మనం వకీళ్లం సగం మాట వినంగనే సెక్షన్ చెప్తం. మీడియేషన్‌ల కూసున్నంక తెలిసింది నాకు, ఒక అన్నదమ్ముల భూమి కేసుల పదకొండేండ్ల లొల్లి భూమి గురించి కాదు, తల్లి దినాలకు పిలవలేదని.

ఎల్‌ఎల్‌ఎం సంగతి చిన్నగ చెప్త. చదువు మీద ప్రేమ ఉంటే చెయ్, లా కాలేజీల పాఠం చెప్పాలని ఉంటే చెయ్, రోజుకు మూడు గంటల లోపు ప్రాక్టీస్ విడవకుండనే చెప్పవచ్చు. క్లయింట్లు వస్తరని మాత్రం చెయ్యకు, నల్గొండల నీ బోర్డు మీద ఎల్‌ఎల్‌బీ ఉన్నదా ఎల్‌ఎల్‌ఎం ఉన్నదా అని ఎవలు చదివి లోపలికి రారు. ఆ 45 వేల కోర్సు మిగిలిన 34 వీడియోలు చూడకపోయినా ఏం కాదు, పోయినయి పోయినయి, పైసలు పెట్టిన కదా అని నెల రోజుల పొద్దు గూడ దానికి పెట్టకు.

హైదరాబాద్. మీ తమ్ముడు చెప్పింది తప్పు కాదు, ఆయన కండ్లకు కనిపించిన వకీళ్లు కంపెనీ వకీళ్లు. గానీ అక్కడ నువ్వు 41 ఏండ్ల జూనియర్‌వి, 25 ఏండ్ల పిల్లల పక్కన కూసొని ఇంగ్లిష్‌ల ఈమెయిల్ రాయాలె. కొందరు చేస్తరు, చేసి పైకొస్తరు, నేను కాదన. మరదలు ఉద్యోగం, పిల్లల బడి, ఇక్కడి ఫైళ్లు, ఇవన్నీ ఒక్కసారే కదులుతయి. దీనికంటే ముందు ఒకటి చేసి చూడు. నీ అవార్డుల మీద హైకోర్టుల పడే అప్పీళ్లు ఇప్పుడు ఎవలకో ఇచ్చి పంపుతున్నవు గద, రెండు నువ్వే వాదించు. పొద్దుగాల బస్సెక్కితే పదిన్నరకు కోర్టుల ఉంటవు. ఆ గాలి నీకు పడ్తదో లేదో, ఇంగ్లిష్ నిజంగ అడ్డమో నీ భయమో, రెండు అప్పీళ్లల్ల తేలిపోతది, ఇల్లు ఖాళీ చేసే పని లేకుండ.

ఇంగ్లిష్ అంటే యాదికొచ్చింది. ఉత్తరంల మూడు చోట్ల నా ఇంగ్లిష్ బాగలేదని రాసినవు, అదే ఉత్తరం తెలుగుల ఆరు పేజీలు ఎంత సాఫ్‌గ రాసినవో చూసుకున్నవా? 2023 జూన్‌ల మన హైకోర్టే ఒక భూమి కేసుల తెలుగుల తీర్పు ఇచ్చింది. నీ ప్రతి క్లయింట్‌కు వాయిదా అయినంక ఒక్క పేజీ తెలుగుల రాసియ్, ఈ రోజు ఏమైంది, మళ్ల ఎప్పుడు, ఏం కాయితం తేవాలె, ఇప్పటి దాంక ఎంత ఇచ్చినవు ఎంత బాకీ. వకీలు మీద కంప్లైంట్ పెట్టినోళ్లు నా దగ్గరికి సలహాకు వస్తుంటరు, వాళ్లల్ల ఎక్కువ మంది కోపం కేసు ఓడిపోయిందని కాదు, ఏమైందో ఎవలు చెప్పలే అని.

మీ సీనియర్ మాట తీసిపారెయ్యకు. ఆయన కాలంల ఆ మాట నిజం, రోడ్డు మీద బండ్లు పెరుగుతున్నయి, ఆ పని తెలిసినోళ్లు నలుగురే. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు పోతే ఏం తెల్వనమ్మ ఏకాదశి నాడు పోయిందంట, పది నేర్సుకోని ఒక్కటీ రానోళ్లను నేను గూడ చూసిన, మా బార్‌లనే ఉన్నరు, బోర్డు మీద పది రకాల కేసులు రాసుకుంటరు. రెండు పడవలు వద్దన్నడు గద, ఉన్న పడవకే తెరచాప కడుతున్న అని చెప్పు ఆయనకు. ఒప్పుకోకున్నా ఏం కాదు, ఆయన దగ్గర పాత పహాణీలు చదివిన దోస్తు ఎవలన్న ఉంటే పరిచయం చేయమను.

మరదలు సంగతి. ఆమె నేర్సుకోవద్దు అంటలేదు, ఇల్లు గడుస్తదా అని అడుగుతుంది. దానికి మాటలు గాదు, లెక్క చూపియ్యాలె. వారంల ఎన్ని గంటలు, నెలకు ఎంత ఖర్చు, ఏ ఫైళ్లు తగ్గుతయి. మే నెలల సివిల్ కోర్టులకు సెలవులు గద, పెద్ద పని గప్పుడే పెట్టుకో, సర్వేయర్‌తోని పొలం తిరుగుడు గూడ, ఎండల తిరిగితే హద్దురాళ్లు మస్తు యాదికుంటయి. ఏడాదికి ఒక్కటే కొత్తది. సర్టిఫికెట్, ఎక్సెల్ లాంటివి దీంట్ల లెక్కకు రావు.

ఇంకొకటి. ఆ భూమి కొన్న ఆమె నంబర్ నీ డైరీల ఉండే ఉంటది. కేసు గుంజుకోనీకి ఫోన్ చెయ్యకు, గది పద్ధతి కాదు, ఆమెకు ఇప్పుడు వకీలు ఉన్నడు. గానీ ఆమె పిల్లల పేరు మీద నువ్వు ఏపించిన ఎఫ్‌డీ ఉన్నది, గది నీ కేసే, నీ ఫైలే. పెద్దపిల్లకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతయి, బ్యాంకు కాయితం ఎవల దగ్గర ఉన్నదో అడుగు. మాటల మీద భూమి సంగతి ఆమెనే చెప్తది, చెప్పంగ విను, పహాణీల ఎవల పేరున్నదట, ఏ ఆఫీసుల ఆగిందట అని రాసుకో.

ఆ ఫైలు ఇప్పుడు నీది కాదు. అయినా రాసుకో.